పాత సైకిలుకు ఏ టైరు, ఏ ట్యూబు? 28, 26 అంకెల వెనకున్న అసలు లెక్క

సూరత్ నగరంలో మొదలైన మగ్గాలు, మిల్లులు క్రమంగా పొలిమేర దాటి పల్సానా తాలూకాలోకి విస్తరించాయి. కడోదర, జోల్వా లాంటి ఊళ్లు ఇప్పుడు ఆ బట్టల పరిశ్రమలో భాగం. పన్నెండేసి గంటల షిఫ్టుల్లో నడిచే ఇలాంటి చోట అద్దె గదికి, షెడ్డుకు మధ్య దూరం ఎక్కువ ఉండదు. కానీ రోజూ రెండు పూటలా నడిచి వెళ్లడానికి అది చిన్న దూరమూ కాదు. అందుకే ఇక్కడ సైకిలుకు ఇంకా పని ఉంది. కొత్త సైకిలు కాదు. ఊరెళ్లిపోయిన వాడి దగ్గర కొన్నదో, బావమరిది వదిలి వెళ్లిందో, చేతులు మారి వచ్చిన పాత నల్ల సైకిలు.

ఆ సైకిలు టైరు అరిగిపోయిన రోజున అసలు చిక్కు మొదలవుతుంది. దుకాణంలో "ఇరవై ఆరు టైరు" అని అడిగితే నాలుగైదు రకాల ఇరవై ఆర్లు ఉంటాయి. వాటిలో ఒక్కటే ఆ చక్రానికి పడుతుంది. తప్పు టైరు తెచ్చుకుంటే డబ్బు పోతుంది, షిఫ్టు సమయం పోతుంది. ఎలాగోలా ఎక్కించి నడిపితే హైవే మీద చక్రం నుంచి టైరు ఊడివచ్చే ప్రమాదమూ ఉంది.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 45 శాతం కుటుంబాలకు సైకిలు ఉంది. వ్యవసాయేతర పనులకు వెళ్లేవారిలో సుమారు 13 శాతం మంది సైకిలు మీదే వెళ్తున్నారని అవే లెక్కలు చెప్పాయి. మోటారు సైకిళ్లు పెరిగినా, పాత సైకిళ్లు పాత ఇనుముగా మారేదాకా తిరుగుతూనే ఉంటాయి. కరీంనగర్, వరంగల్, నల్గొండ ప్రాంతాల నుంచి దశాబ్దాలుగా సూరత్‌కు వలస వెళ్లిన నేత కుటుంబాలకైనా, సిరిసిల్లలో మరమగ్గం నడిపేవారికైనా, గోదావరి జిల్లాల్లో గట్టు మీద పాలు మోసేవారికైనా ఈ లెక్క ఒకటే.

ఒకే పేరు, వేర్వేరు చక్రాలు

టైరు మీద కనిపించే 28 గానీ 26 గానీ రిమ్ము కొలత కాదు. టైరులో గాలి నిండాక చక్రం మొత్తం వెలుపలి వ్యాసం సుమారుగా ఎన్ని అంగుళాలు ఉంటుందో చెప్పే అంకె అది. ఈ పద్ధతి బ్రిటన్‌లో 19వ శతాబ్దపు చివర స్థిరపడింది.

జాన్ బాయిడ్ డన్‌లప్ 1888లో గాలి టైరుకు పేటెంటు తీసుకున్నాడు. 1890లో టైరు అంచులో ఉక్కు తీగను పెట్టే పద్ధతి వచ్చింది. ఇప్పటికీ మన సైకిలు టైర్లలో ఉన్నది ఆ తీగే. అప్పట్లో ఫ్రేము, బ్రేకులు, మడ్‌గార్డులు అన్నీ చక్రం వెలుపలి వ్యాసాన్ని బట్టి తయారయ్యేవి. బరువు మోసే సైకిలుకు లావు టైరు కావాలి, వేగంగా పోయేదానికి సన్న టైరు కావాలి. వెలుపలి వ్యాసం మారకుండా టైరును లావు చేయాలంటే రిమ్మును చిన్నది చేయక తప్పదు. అలా ప్రతి మందానికీ ఒక ప్రత్యేకమైన రిమ్ము పుట్టింది. వాటన్నిటికీ పేరు మాత్రం 26 గానో, 28 గానో ఉండిపోయింది.

ఫ్రాన్స్‌లో ఇదే పనిని మిల్లీమీటర్లలో చేశారు. 700 మిల్లీమీటర్ల చక్రాన్ని టైరు మందాన్ని బట్టి ఏ, బి, సి, డి అని విడగొట్టారు. అందులో 700బి అన్నది మన పాత నల్ల సైకిలు 28 × 1½. 700సి అన్నది నేటి రోడ్డు సైకిళ్ల చక్రం. పేరులో అక్షరమే మారింది కానీ, రిమ్ముల మధ్య తేడా 13 మిల్లీమీటర్లు. ఒకదాని టైరు మరొకదానికి పడదు.

'ఒకటిన్నర' అనే మాటలో దాగిన తప్పు

సైకిలు టైర్ల విషయంలో లెక్కల పుస్తకానికి విరుద్ధమైన నియమం ఒకటుంది. లెక్కల్లో 1½, 1.5 సమానం. టైర్లలో కాదు. 26 × 1½ అని భిన్నంలో రాసిన టైరు 584 మిల్లీమీటర్ల రిమ్ముకు పడుతుంది. 26 × 1.5 అని దశాంశంలో రాసినది 559 మిల్లీమీటర్ల రిమ్ముకు పడుతుంది. రెండింటికీ తేడా 25 మిల్లీమీటర్లు, అంటే దాదాపు ఒక అంగుళం. భిన్నంలో రాసే కొలతలు బ్రిటిష్ సంప్రదాయం నుంచి వచ్చాయి. దశాంశంలో రాసేవి అమెరికా లావు టైర్ల నుంచి మౌంటెన్ సైకిళ్ల దాకా వచ్చాయి. రెండు వంశాలు వేరు. సైకిలు మరమ్మతు మీద విస్తారంగా రాసిన అమెరికన్ మెకానిక్ షెల్డన్ బ్రౌన్ కూడా ఈ విషయాన్ని ఒక సూత్రంలాగే చెప్పేవాడు.

కాగితం మీద ఈ తేడా కంటికి కనిపిస్తుంది. నోటితో చెప్పినప్పుడు మాయమైపోతుంది. తెలుగులో రెండూ 'ఒకటిన్నరే'. హిందీలో రెండూ 'డేఢ్', గుజరాతీలో రెండూ 'దోఢ్'. తెలుగు, ఒడియా, హిందీ, మరాఠీ, గుజరాతీ కలిసి వినిపించే సూరత్ లాంటి పారిశ్రామిక ప్రాంతంలో ఒకరు చెప్పిన కొలతను మరొకరు తమ భాషలోకి మార్చుకుని, ఫోనులో ఇంకొకరికి చెబుతారు. చివరికి చేతికి వచ్చే టైరు మీద ఉన్నది భిన్నమా, దశాంశమా అన్నది అదృష్టం. ఈ గందరగోళానికి భాష కారణం కాదు. ఆ కొలత పద్ధతే నోటి మాటకు నిలబడేది కాదు.

నమ్మదగిన అంకె ఏది?

ఈ తికమకను తొలగించడానికి ఐరోపా టైరు-రిమ్ము సాంకేతిక సంస్థ ఈటీఆర్‌టీఓ ఒక పద్ధతి తెచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ దాన్ని ఐఎస్ఓ 5775గా స్వీకరించింది. ఇందులో రెండు అంకెలు మధ్యలో చిన్న గీతతో ఉంటాయి. ఉదాహరణకు 40-635. మొదటిది మిల్లీమీటర్లలో టైరు మందం. రెండోది టైరు అంచులోని తీగ రిమ్ము మీద ఎక్కడ కూర్చుంటుందో అక్కడి వ్యాసం. టైరు పడుతుందా లేదా అన్నది తేల్చేది ఈ రెండో అంకె ఒక్కటే. అది సరిగ్గా కలవాలి. దగ్గర్లో ఉంటే చాలదు.

టైరు పక్క గోడ మీద అంగుళాల కొలత పెద్ద అక్షరాల్లోనూ, ఈ అంకె చాలాసార్లు చిన్న అక్షరాల్లోనూ ఉంటుంది. మట్టి తుడిచి, వెలుతురు పక్కగా పడేలా పెట్టి చూస్తే కనిపిస్తుంది. మన దగ్గర ఎదురయ్యే ముఖ్యమైన కొలతలు ఇవి:

• 28 × 1½: 635 మి.మీ. రాడ్డు బ్రేకులున్న పాత నల్ల సైకిలు. ఫ్రెంచి పేరు 700బి.

• 27 × 1¼: 630 మి.మీ. పాత వంపు హ్యాండిల్ స్పోర్ట్స్ సైకిళ్లు.

• 700సి, 29 అంగుళాలు, 28 × 1⅝ × 1⅜: మూడూ 622 మి.మీ. నేటి రోడ్డు, హైబ్రిడ్, పెద్ద చక్రాల మౌంటెన్ సైకిళ్లు.

• 26 × 1¼: 597 మి.మీ. పాత బ్రిటిష్ తేలిక సైకిళ్లు.

• 26 × 1⅜: 590 మి.మీ. చాలా లేడీస్ సైకిళ్లు, తేలికపాటి సైకిళ్లు. ఫ్రెంచి పేరు 650ఏ.

• 26 × 1½: 584 మి.మీ. కొంచెం చిన్న చక్రాల రోడ్‌స్టర్లు. ఫ్రెంచి పేరు 650బి. ఇప్పటి '27.5' కూడా ఇదే.

• 26 × 1.75, 26 × 1.95, 26 × 2.125: మూడూ 559 మి.మీ. లావు టైర్ల రేంజర్ తరహా, మౌంటెన్ సైకిళ్లు.

• 24 × 1⅜: 540 మి.మీ. 24 × 1.75: 507 మి.మీ. పిల్లల సైకిళ్లు.

ఈ జాబితాలో వింతలు కొన్ని ఉన్నాయి. పేరులో 29 పెద్దది, 28 చిన్నది. రిమ్ములో మాత్రం 28 × 1½ పెద్దది, 29 చిన్నది. 27.5 పేరుతో వస్తున్న కొత్త మౌంటెన్ సైకిలు టైరు, తాతల కాలపు 26 × 1½ రిమ్ము ఒకే వ్యాసం. అయితే వ్యాసం కలిసినంత మాత్రాన లావు టైరు పాత సైకిలు ఫోర్కు మధ్య, మడ్‌గార్డు కింద పట్టకపోవచ్చు. పాత రిమ్ము వెడల్పుకు మించిన లావు టైరు మలుపుల్లో పక్కకు ఊగుతుంది కూడా.

విదేశాల్లో ఉన్న తెలుగువారు ఊరి సైకిలుకు అక్కడి నుంచి టైరు పంపాలనుకుంటే మరో జాగ్రత్త అవసరం. కెనడాలో 28 × 1½ ఎఫ్.13 అన్న గుర్తుతో వచ్చిన టైరు 635 కాదు, 622. అంగుళాల పేరును నమ్మి పంపితే అంత దూరం వచ్చిన టైరు గోడకు వేలాడుతుంది.

భారత ప్రమాణాల సంస్థకు కూడా సైకిలు, రిక్షా టైర్లకు ఐఎస్ 2414, ట్యూబులకు ఐఎస్ 2415, రిమ్ములకు ఐఎస్ 624 అనే ప్రమాణాలు ఉన్నాయి. టైరు మీద ఐఎస్ఐ గుర్తు నాణ్యతకు సంబంధించిన సంగతి. అది ఉన్నంత మాత్రాన ఆ టైరు ఈ చక్రానికి పడుతుందని కాదు.

'ఇరవై రెండు సైకిలు' అంటే చక్రం కాదు

మన దగ్గర ఇంకో తికమక ఉంది. పాత నల్ల సైకిళ్లను '22 సైకిలు', '24 సైకిలు' అంటారు. అది చక్రం కొలత కాదు, ఫ్రేము ఎత్తు. పొట్టివారికి 22, పొడుగువారికి 24. రెండింటికీ చక్రం 28 × 1½. ఈ సంగతి తెలియని కొత్త కుర్రాడిని దుకాణానికి పంపి '24 సైకిలు టైరు' తెమ్మంటే, పిల్లల సైకిలు టైరుతో తిరిగొస్తాడు. ఫ్రేము కొలతను టైరు అడిగేటప్పుడు అసలు ఎత్తకపోవడమే మంచిది.

అచ్చు చెరిగిపోతే కొలవడం ఎలా?

టైరు మీది అక్షరాలు అరిగిపోతే రిమ్ము మీద చూడాలి. అక్కడా తుప్పు పట్టి ఉంటే కొలవక తప్పదు. ఉన్న టైరే సరైనదని అనుకోవడానికి కూడా లేదు. ముందున్న యజమాని తప్పు టైరునే బలవంతంగా ఎక్కించి ఉండవచ్చు.

వ్యాసాన్ని నేరుగా కొలవడం కష్టం. మధ్యలో హబ్బు అడ్డు వస్తుంది, రిమ్ముకు కొద్దిగా వంకర ఉంటుంది. 590కి, 584కి తేడా ఆరు మిల్లీమీటర్లే. స్కేలు కొంచెం పక్కకు జరిగినా ఆ తేడా కనబడదు. చుట్టుకొలత తీసుకుంటే ఈ ఇబ్బంది తప్పుతుంది. ఆరు మిల్లీమీటర్ల వ్యాసం తేడా చుట్టుకొలతలో దాదాపు 19 మిల్లీమీటర్లు అవుతుంది. అది ఎవరికైనా కనిపిస్తుంది.

టైరు, ట్యూబు, రిమ్ము టేపు తీసేసి, టైరు అంచు ఆనుకునే మెట్టు మీద దర్జీ టేపును చుట్టూ బిగువుగా పెట్టాలి. రిమ్ము మధ్యలోని పల్లంలో పెట్టకూడదు. పైఅంచు మీదా పెట్టకూడదు. పైఅంచు మీద కొలిస్తే వ్యాసం 10 మిల్లీమీటర్లకు పైగా ఎక్కువ చూపిస్తుంది. 622 రిమ్మును 635 అని పొరబడటానికి ఆ కాస్త తప్పు చాలు. దారంతో కొలవాలనుకుంటే సాగని దారం కావాలి. సూరత్‌లో సులువుగా దొరికే పాలియెస్టర్ నూలు లాగితే సాగుతుంది కాబట్టి ఆ పనికి రాదు. సన్నటి కాగితం పట్టీ చాలా మేలు.

వచ్చిన చుట్టుకొలతను 3.14తో భాగిస్తే వ్యాసం వస్తుంది. భాగహారం అక్కర్లేకుండా పోల్చుకోవాలంటే: 635కు 1995 మి.మీ., 630కి 1979, 622కు 1954, 597కు 1876, 590కి 1854, 584కు 1835, 559కి 1756. కొలతలో నాలుగైదు మిల్లీమీటర్లు అటూ ఇటూ అయినా ఏ రిమ్మో తేలిపోతుంది.

రెండు టైర్లను పోల్చాలంటే ఇంకా సులువు. పాత టైరును, కొత్త టైరును ఒకదాని మీద ఒకటి పెట్టి, లోపలి అంచులు కలిపి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని బల్లపరుపుగా లాగాలి. రెండూ ఒకే కొలతవైతే చివరలు కలుస్తాయి. 590 టైరు, 584 టైరు అయితే సుమారు 9 మిల్లీమీటర్లు, 635, 622 అయితే 20 మిల్లీమీటర్లు తేడా వస్తుంది.

ట్యూబు సర్దుకుంటుంది, కొంతవరకే

టైరు అంచులో ఉక్కు తీగ ఉంది, అది సాగదు. ట్యూబు రబ్బరు, సాగుతుంది. కాబట్టి టైరు విషయంలో లేని వెసులుబాటు ట్యూబులో ఉంది. 584, 590, 597 రిమ్ములు మూడింటికీ ఒకే ట్యూబు సరిపోతుంది. 622, 630, 635 మూడింటికీ మరో ట్యూబు సరిపోతుంది. షరతు ఒక్కటే, మందం దగ్గరగా ఉండాలి.

అర్ధరాత్రి షిఫ్టు దిగి వస్తుంటే ట్యూబు పగిలి, దగ్గర్లోని దుకాణంలో సరైనది లేకపోతే ఏం చేయాలి? కొంచెం చిన్న ట్యూబు తీసుకోవడం మేలు. అది సాగి సర్దుకుంటుంది. పెద్ద ట్యూబు టైరులో పట్టక ముడత పడుతుంది. ముడత పడిన చోట రబ్బరు రాసుకుని కొన్నాళ్లకు చీలుతుంది. లేదా టైరు అంచు కింద ఇరుక్కుని, గాలి కొట్టగానే పేలుతుంది. అయితే చిన్న ట్యూబును మరీ లావు టైరులో వాడితే రబ్బరు పలచబడి గాలి త్వరగా దిగిపోతుంది, చిన్న ముల్లుకే పంక్చరు అవుతుంది. 26 × 1⅜ ట్యూబును 26 × 2.125 టైరులో పెట్టడం ఇంటికి చేరడానికి పనికొస్తుంది కానీ, అలాగే వాడుకోవడం మంచిది కాదు.

ట్యూబు రబ్బరులో రెండు రకాలున్నాయి. సహజ రబ్బరు ట్యూబు బాగా సాగుతుంది, ప్యాచీ బాగా అంటుకుంటుంది, కానీ గాలి త్వరగా దిగుతుంది. బ్యూటైల్ ట్యూబు గాలిని ఎక్కువ రోజులు పట్టి ఉంచుతుంది. రోజూ గాలి కొట్టే తీరిక లేనివారికి రెండోది నయం.

వాల్వు, దాని రంధ్రం

మన సాధారణ సైకిళ్లలో ఉండేది డన్‌లప్ లేదా వుడ్స్ వాల్వు. లోపలి పుల్లకు తొడిగే సన్నటి రబ్బరు గొట్టమే మనం 'వాల్ట్యూబు' అనేది. పంక్చరు లేకుండానే గాలి దిగిపోతుంటే ముందు దాన్నే అనుమానించాలి. ట్యూబు మార్చక్కర్లేదు, ఆ ముక్క మార్చితే సరిపోతుంది. మౌంటెన్ సైకిళ్లలో మోటారు సైకిలుకు ఉండే ష్రేడర్ వాల్వు, రోడ్డు సైకిళ్లలో సన్నటి ప్రెస్టా వాల్వు ఉంటాయి.

వుడ్స్, ష్రేడర్ కాడలు రెండూ దాదాపు 8.5 మి.మీ. రంధ్రంలో పడతాయి. ప్రెస్టాకు 6.5 మి.మీ. చాలు. పాత రిమ్ములో ప్రెస్టా ట్యూబు పెడితే కాడ రంధ్రంలో అటూ ఇటూ కదిలి, మొదట్లో చిరుగుతుంది. రంధ్రాన్ని సన్నం చేసే తొడుగు వేస్తే ఆ ఇబ్బంది ఉండదు. అదే, సన్న రంధ్రమున్న రిమ్ములో లావు వాల్వు కోసం బెజ్జం పెద్దది చేయించడం మంచిది కాదు. సన్నటి రిమ్ము అక్కడే బలహీనపడుతుంది.

రిమ్మే మార్చేస్తే?

పాత కొలత టైరు దొరకనప్పుడు, దొరికే టైరుకు తగ్గట్టు రిమ్ము మార్చేద్దామన్న ఆలోచన వస్తుంది. ముందు బ్రేకు చూడాలి. రాడ్డు బ్రేకుల సైకిలుకు ఉండేది వెస్ట్‌వుడ్ తరహా రిమ్ము. బ్రేకు రబ్బర్లు దాని పక్కలకు కాక, హబ్బు వైపున్న లోపలి ముఖానికి తగులుతాయి. కేబుల్ బ్రేకుల కోసం చేసిన రిమ్ముకు ఆ ముఖం ఉండదు. అలాంటి రిమ్ము వేస్తే టైరు చక్కగా పడుతుంది, బ్రేకు పడదు. వ్యాసం తగ్గితే బ్రేకు రబ్బర్లు సరైన చోటికి చేరనూ చేరవు.

రెండోది స్పోకుల లెక్క. మన నల్ల సైకిళ్లకు ముందు చక్రంలో 32, వెనక చక్రంలో 40 స్పోకులు ఉండడం పాత బ్రిటిష్ అలవాటు. కొత్త రకం రిమ్ములు సాధారణంగా 36 లేదా 32 రంధ్రాలతో వస్తాయి. రంధ్రాలు హబ్బుతో కలవకపోతే హబ్బూ మార్చాలి, స్పోకుల పొడవూ మారుతుంది, మళ్లీ బెండు తీయించాలి. ఇంత ఖర్చుకు బదులు 635 టైరు కోసం నాలుగు దుకాణాలు తిరగడమే చవక.

అదృష్టవశాత్తూ ఈ కొలత మన దేశంలో ఇంకా బతికే ఉంది. బ్రిటన్‌లో ఎప్పుడో మూలపడిన రోడ్‌స్టర్ నమూనాను స్వాతంత్ర్యం తర్వాత ఇక్కడి కంపెనీలు తమదిగా చేసుకున్నాయి. 1949లో మద్రాసులో టీఐ సైకిల్స్, 1951లో సోనీపత్‌లో అట్లాస్, 1956లో లుధియానాలో హీరో మొదలయ్యాయి. అట్లాస్ సాహిబాబాద్ కర్మాగారం 2020 జూన్ 3న, సరిగ్గా ప్రపంచ సైకిల్ దినోత్సవం నాడు ఆగిపోయింది. కానీ ఆ సైకిళ్ల కొలత ఆగిపోలేదు. లుధియానాలోని రాల్సన్, మెట్రో, హైదరాబాద్‌కు చెందిన హార్టెక్స్ వంటి సంస్థలు సైకిలు టైర్లు, ట్యూబులు తయారు చేస్తూనే ఉన్నాయి. సైకిలు రిక్షాల చక్రమూ చాలాచోట్ల 28 × 1½ కావడం ఈ కొలత నిలవడానికి మరో కారణం. వెనక క్యారియర్ మీద బట్టల మూటలో, పాల క్యానులో మోసే సైకిలుకు అదే వ్యాసంలో వచ్చే రిక్షా టైరు దృఢంగా ఉంటుంది. తొక్కడం మాత్రం కొంచెం బరువవుతుంది.

తప్పు టైరు ఎక్కినప్పుడు ఏమవుతుంది?

చిన్న టైరు పెద్ద రిమ్ముకు ఎక్కదు. లివర్లతో బలవంతం చేస్తే అంచులోని తీగ తెగుతుంది. తీగ తెగిన టైరు పైకి బాగానే కనిపించినా పనికిరాదు. అయినా ఈ తప్పు అప్పటికప్పుడే బయటపడుతుంది కాబట్టి దీనితో పోయేది డబ్బు మాత్రమే.

పెద్ద టైరు చిన్న రిమ్ముకు ఎక్కడం అంతకంటే ప్రమాదం. 590 టైరు 584 రిమ్ముకు చేత్తోనే సులువుగా ఎక్కుతుంది. బిగించినవాడికి పని తేలికైందనిపిస్తుంది. తక్కువ గాలితో నాలుగు రోజులు తిరుగుతుంది కూడా. గాలి నిండుగా కొట్టిన రోజున, లేదా ఎండలో వేడెక్కిన రోజున, లేదా బరువుతో గుంటలో పడినప్పుడు అంచు రిమ్ము దాటి బయటికి వస్తుంది. ట్యూబు బుడగలా ఉబికి పేలుతుంది. ముందు చక్రానికి ఇలా జరిగితే మనిషి పడిపోతాడు. లారీలు తిరిగే దారిలో పడటమంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. అందుకే మరీ సులువుగా ఎక్కిన టైరును అనుమానించాలి. సరైన టైరు చివరి జానెడు దగ్గర కొంచెం మొరాయిస్తుంది.

బిగించాక చేయాల్సిన పరీక్ష ఒకటుంది. టైరు పక్క గోడ మీద, రిమ్ము అంచుకు కాస్త పైన, చుట్టూ ఒక సన్నటి గీత ఉంటుంది. సగం గాలి కొట్టి, చక్రం తిప్పుతూ ఆ గీతను రెండు పక్కలా చూడాలి. రిమ్ము నుంచి అన్నిచోట్లా ఒకే దూరంలో ఉంటే టైరు సరిగ్గా కూర్చుంది. ఒకచోట పైకి లేచి, మరోచోట లోపలికి దిగితే గాలి తీసి సర్దాలి. ఎన్నిసార్లు సర్దినా గీత కుదరకపోతే అది ఆ రిమ్ము టైరు కాదు. మిగిలిన సగం గాలి ఆ తర్వాతే కొట్టాలి. ఎంత గాలి అన్నది టైరు మీదే రాసి ఉంటుంది. దాన్ని మించకూడదు.

చాలాకాలంగా దుకాణంలో వేలాడుతున్న టైరైతే కొనేముందు పక్క గోడను వంచి చూడాలి. సన్నటి పగుళ్లు కనిపిస్తే, ఎంత చవకగా ఇచ్చినా వద్దు.

దుకాణంలో అడగాల్సిన మాట

ఇదంతా గుర్తుపెట్టుకోవడం కష్టమనిపిస్తే చేయాల్సింది చిన్న పని. సైకిలు బాగున్న రోజునే టైరు మీద గీత తర్వాత ఉన్న మూడంకెల సంఖ్యను చూసి, ఫోనులో ఫొటో తీసి పెట్టుకోవాలి. మడ్‌గార్డు లోపలి వైపు పెయింటుతో రాసి పెట్టుకున్నా సరే. టైరు అడిగేటప్పుడు అంగుళాలతో పాటు ఆ సంఖ్య చెప్పాలి. 'ఇరవై ఆరు, ఒకటిన్నర' అన్నది ఒక్కో నోట ఒక్కో అర్థం మార్చుకుంటుంది. ఐదు వందల ఎనభై నాలుగు అన్న అంకె ఏ భాషలో చెప్పినా మారదు.

టైర్లు అమ్మేవారి వైపు నుంచి కూడా చేయాల్సింది ఉంది. ఐఎస్ఓ అంకెను గోడ మీద కనీకనిపించని అక్షరాల్లో వేయకుండా, అంగుళాల కొలతంత పెద్దగా వేస్తే చాలా తప్పులు అక్కడే ఆగుతాయి. దుకాణంలో ర్యాకుల మీద 635, 590, 584, 559 అని రాసి పెట్టుకోవడానికి సుద్దముక్క చాలు. బడికి వెళ్లే అమ్మాయిలకు ప్రభుత్వాలు సైకిళ్లు పంచే పథకాలు ఆంధ్రప్రదేశ్‌లోనూ, గుజరాత్‌లోనూ నడిచాయి. అలాంటి సైకిలుతో పాటు ఇచ్చే కాగితంలో టైరు అంకె ఒక్కటి స్పష్టంగా అచ్చువేస్తే, మూడేళ్ల తర్వాత టైరు అరిగినప్పుడు ఆ సైకిలు మూలన పడకుండా ఉంటుంది.

పాత సైకిలు ఆగిపోవడానికి ఇనుము అరిగిపోవడమే కారణం కానక్కర్లేదు. చాలాసార్లు తగిన టైరు దొరకదనుకుని వదిలేస్తారు. జోల్వాలో షిఫ్టుకు బయల్దేరే మనిషికి ఆ మూడంకెలు తెలిస్తే, తండ్రి తొక్కిన సైకిలు ఇంకో పదేళ్లు రోడ్డు మీదే ఉంటుంది.